నల్లగొండ నీళ్లు, చేవ కర్ర

(మంచినీటి అక్వేరియంలో డ్రిఫ్ట్‌వుడ్, అంటే ట్యాంకులో పెట్టే ఎండు కర్ర, వాడకం మీద నల్లగొండలో చేపలు పెంచేవాళ్ల ముందు చేసిన ప్రసంగం. మధ్యలో వచ్చిన ప్రశ్నలు అట్లనే ఉంచినం.)

అందరికీ నమస్తే. ముందుగాల ఒక విషయం తేల్చుకుందాం. ట్యాంకులో కర్ర పెడితే పీహెచ్ తగ్గుతది, నీళ్లు మెత్తబడతయి అని వీడియోల్లో చెప్తరు. అది విని చాలామంది కర్ర కొంటరు. నెల తర్వాత టెస్ట్ కిట్ తీసి చూస్తే పీహెచ్ 8.2 ఉన్నది 8.2 లోనే ఉంటది. కర్ర నకిలీదని దుకాణపాయనతో కొట్లాట. కర్ర తప్పేం లేదు. మన నీళ్ల సంగతి తెలియక వచ్చిన కొట్లాట అది.

కర్ర నుంచి దిగేవి టానిన్లు, హ్యూమిక్ ఆమ్లాలు, నీళ్లకు టీ రంగు తెచ్చేవి ఇవే. ఇవి బలహీనమైన ఆమ్లాలు. నీళ్లల్లో బైకార్బొనేట్ ఉంటే అది వచ్చిన ఆమ్లాన్ని వచ్చినట్టే మింగుతది. ఆ మింగే శక్తినే మనం కేహెచ్ అని కొలుస్తం. ఒక డిగ్రీ కేహెచ్ అంటే లీటరుకు సుమారు 18 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌తో సమానం. మీ బోరు నీళ్లు 15 డిగ్రీలు చూపిస్తే లీటరుకు సుమారు 270 మిల్లీగ్రాములు. రెండు కిలోల కర్ర ముక్క అంత బైకార్బొనేట్‌ను ఖర్చు చేయలేదు. మీరు వారం వారం నీళ్లు మారుస్తరు గద, అప్పుడు మళ్లీ కొత్త బైకార్బొనేట్ వచ్చి చేరుతది.

మన బోర్లల్లో ఇంకో మెలిక ఉన్నది. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లల్లో సాధారణంగా సోడియం, బైకార్బొనేట్ ఎక్కువ, కాల్షియం తక్కువ. కాల్షియం దండిగుంటే ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుగుకు దించేది. అది తక్కువున్నది గనుకనే ఫ్లోరైడ్ నీళ్లల్లోనే ఉండిపోతది. అందుకే కొన్ని ఊళ్ల నీళ్లు టెస్ట్ చేస్తే జీహెచ్ (కాల్షియం, మెగ్నీషియంల కొలత) 6, కేహెచ్ 14 అని తలకిందులుగా వస్తది. కిట్ చెడిపోయిందని పారేయకండి, నీళ్లే అట్ల ఉన్నయి. ఇంకొకటి, కర్ర ఫ్లోరైడ్‌ను తీయదు. దాన్ని తీయడానికే నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి వాళ్లు పటిక, సున్నం వేసే పద్ధతి తయారుచేసి మన జిల్లా పేరే పెట్టిండ్రు. కర్ర మీద ఆ ఆశ పెట్టుకోవద్దు.

నా మాట నమ్మనక్కరలేదు, మీరే చూసుకోండి. రెండు ప్లాస్టిక్ బకెట్లు తీసుకోండి. రెండింట్లో పదేసి లీటర్లు అదే బోరు నీళ్లు పోయండి. ఒకదాంట్లో కర్ర ముక్క వేయండి, రెండోది ఉత్తగ ఉంచండి. రెండింటి మీదా మూత పెట్టి నీడకు ఉంచండి. మొదటి రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు పీహెచ్, కేహెచ్, టీడీఎస్ (నీళ్లల్ల కరిగినవాటి మొత్తం) రాసుకోండి. ఉత్త బకెట్ ఎందుకంటే, బోరు నుంచి అప్పుడే తీసిన నీళ్లల్లో కార్బన్ డయాక్సైడ్ ఉంటది. అది గాలికి పోగానే పీహెచ్ దానంతటదే పెరుగుతది. పోల్చడానికి పక్కన ఉత్త బకెట్ లేకపోతే ఆ పెరుగుదలను కూడా కర్ర లెక్కలో వేస్తరు.

నిజంగా మెత్తటి నీళ్లు కావాలె, టెట్రా, డిస్కస్ లాంటి మెత్తటి నీళ్ల చేపలు పెంచాలె అంటే దారి ఆర్ఓ నీళ్లు కలుపుడే. లెక్క సులువు. కేహెచ్ 16 డిగ్రీలున్న బోరు నీళ్లు 10 లీటర్లు, ఆర్ఓ నీళ్లు 30 లీటర్లు కలిపితే 4 డిగ్రీలకు దగ్గరగా వస్తది. అక్కడి నుంచి కర్ర ప్రభావం కనబడుతది. అయితే అక్కడి నుంచే జాగ్రత్త కూడా మొదలు. కేహెచ్ 3 కంటె కిందికి పోతే పీహెచ్ ఒక్కరాత్రిలో జారిపోవచ్చు. నిమ్మకాయ పిండుడు, వెనిగర్ పోసుడు అసలే వద్దు. బైకార్బొనేట్ ఉన్న నీళ్లల్లో పొద్దున దిగిన పీహెచ్ సాయంత్రానికి మళ్లీ ఎక్కుతది. స్థిరంగా ఉన్న 8.2 కంటె ఈ ఎక్కుడు దిగుడే చేపకు చేటు. మిషన్ భగీరథ నీళ్లు వాడేవాళ్లకు కాఠిన్యం బోరు కంటె తక్కువ ఉండొచ్చు గానీ క్లోరిన్ ఉంటది. యాంటీ క్లోరిన్ వేయకుండా ట్యాంకులోకి పోయొద్దు.

మరి మన నీళ్లల్లో కర్ర ఎందుకు? చేపకు చాటు దొరుకుతది. ఒకదాన్నొకటి తరిమే చేపలు ఎదురుబొదురు కనబడకుండా అడ్డం ఉంటది. పైన పేరుకునే పొరను రొయ్యలు, నత్తలు, సకర్ జాతి చేపలు రోజంతా గీక్కుంటయి. అనూబియస్, జావా ఫెర్న్, జావా మాస్ లాంటి మొక్కలకు మట్టి అక్కర్లేదు, కర్రను పట్టుకొని బతుకుతయి. పీహెచ్ కోసమే కర్ర కొనేటోళ్లు ఆ పైసలతో కేహెచ్ కిట్ కొనుక్కుంటే నయం.

ఇగ కర్ర ఎంచుకునే సంగతి. ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా దండగే.

కొనాలంటే దుకాణాల్లో మలేషియన్ డ్రిఫ్ట్‌వుడ్, ఆఫ్రికా నుంచి వచ్చే మొపానీ, అజేలియా వేర్లతో వచ్చే స్పైడర్‌వుడ్ దొరుకుతయి. మొదటి రెండూ బరువైనయి, చాలా ముక్కలు తొందరగనే మునుగుతయి, రంగు మాత్రం బాగా దింపుతయి. స్పైడర్‌వుడ్ చూడ చక్కగుంటది గానీ వారాల తరబడి తేలుతది, కొత్తల్ల పైన పట్టే తెల్ల జిగట కూడా దానికే ఎక్కువ. డబ్బు పెట్టి కొంటున్నరు గనుక తడిసిన ముక్క వద్దనండి. ఎండిన ముక్కైతేనే పగుళ్లు, పురుగు రంధ్రాలు కనబడతయి.

మన దగ్గర దొరికే చెట్లల్లో నా ఓటు జామకు. ఎండిపోయిన ముసలి జామ మొద్దు, ముఖ్యంగా వేరు మొదలు, గట్టిగుంటది, మెలికలు తిరిగి ఉంటది, పాలు కారదు. తర్వాత చింత వేరు. దాని చేవ నల్లగా, రాయి తీరుగుంటది, కోయాలంటే రంపం పళ్లు అరుగుతయి. నల్లతుమ్మ కూడా గట్టిదే, కానీ దాని బెరడు తోళ్లు శుద్ధి చేయడానికి వాడేంత టానిన్ గలది. బెరడు మొత్తం లేపేయకుండా ట్యాంకులో పెడితే నెలల తరబడి రంగు దిగుతనే ఉంటది. మామిడి సులువుగా దొరుకుతది, అంతే సులువుగా మెత్తబడి కుళ్లుతది.

వద్దనేవి చాలా ఉన్నయి. గన్నేరు, పచ్చగన్నేరు విషం, వాటి కొమ్మ ముట్టనే వద్దు. కానుగ కూడా వద్దు. దాని వేర్లను, గింజలను చేపలను మత్తు పెట్టి పట్టడానికి వాడేటోళ్లు, ఇంకేం చెప్పాలె? వేప, టేకు, నీలగిరి తమ నూనెలతో పురుగును దగ్గరికి రానీయవు, చేపకూ రొయ్యకూ ఆ నూనెలు మంచివి కావు. సీతాఫలం పాలమూరు దిక్కు గట్ల మీద ఎక్కడ చూసినా ఉంటది. దాని గింజల పొడి పురుగుల మందు, ఆ చెట్టు కర్రతో ప్రయోగం ఎందుకు? పాలు కారే మర్రి, రావి, మేడి, సపోటా, జిల్లేడు పచ్చివి పనికిరావు. ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్కలో జిగురు ఉంటది. సర్కారు తుమ్మ ఊరి చుట్టూ ఉన్నది, ఉచితం, గట్టిది, నిజమే. కానీ ఆకుల్లో, కాయల్లో ఆల్కలాయిడ్లు ఉన్న చెట్టు. కొత్తగా మొదలుపెట్టేటోళ్లు దాని జోలికి పోకపోవుడే మంచిది. ఏ చెట్టో గుర్తుపట్టలేని కర్ర ఎంత అందంగున్నా పొయ్యిలకే.

చెట్టు మంచిదైతే సరిపోదు, ఎక్కడ పెరిగిందో కూడా చూడాలె. బత్తాయి తోటలు మన జిల్లాకు పేరు తెచ్చినయి, కానీ ఆ తోటల్లో ఏడాదికి ఎన్నిసార్లు మందు కొడతరో మీకు తెలుసు. పత్తి చేల గట్ల మీది కర్ర కూడా అంతే. పైరెత్రాయిడ్ రకం పురుగుమందుల ప్రభావం మనిషి మీద అంతగా కనబడదు గానీ అవి చేపలకు, రొయ్యలకు చాలా తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం, పైగా కర్రకు అంటుకొని నిలుస్తయి. మూసీలో కొట్టుకొచ్చిన కర్ర ఎంత నునుపుగున్నా తేవద్దు, హైదరాబాద్ మురుగంతా పీల్చుకున్న కర్ర అది. సాగర్ వెనక జలాల్లో ఎండాకాలం నీళ్లు దిగినప్పుడు పాత మొద్దులు బయటపడతయి. చూస్తే చేయి ఊరుకోదు. కానీ ఆ ఒడ్డు చాలా మేర అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌కు ఆనుకొని ఉన్నది. అనుమతి లేకుండా అడవిలోంచి ఎండుకర్ర తెచ్చినా 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు అయితది. ఇంటి పెరట్లో ఎండిన జామ, మందు కొట్టని చెలకలో పడిపోయిన చింత, వీటిని మించిన మూలం లేదు.

ఇప్పుడు ముక్క చేతిలోకి తీసుకోండి. ఇది ఎండిన జామ వేరు. బొటనవేలి గోరుతో ఇక్కడ నొక్కుతున్న. ఈ బయటి తెల్లటి పొరలో గోరు దిగి గుంట పడ్డది చూడండి. ఇది నీళ్లల్ల ముందు కుళ్లే భాగం. ఇదే కత్తితో గీకి లోపలికి పోతే రంగు ముదురుతది, ఇదిగో, ఇక్కడ గోరు జారిపోతున్నది, గీత కూడా పడట్లేదు. ఇది చేవ. మనకు కావాల్సింది ఇదే. కోసిన చోట వాసన చూడండి. పుల్లటి వాసన, మందు వాసన, పుట్టగొడుగు వాసన వస్తే పక్కన పెట్టండి. రెండు ముక్కలు ఒకదానికొకటి కొట్టండి, ఎండిన చేవ ఖంగుమంటది, కుళ్లింది మొద్దుగా పలుకుతది.

పచ్చి కర్రైతే ముందు ఎండాలె. వానకు తడవని నీడలో, నేలకు తగలకుండా రెండు ఇటుకల మీద పెట్టండి. నేలకు తగిలితే చెదలు పడుతది. ఎండిందో లేదో కంటితో తెలియదు, తూకంతో తెలుస్తది. నెలకోసారి కిరాణా త్రాసు మీద తూచి ముక్క మీదనే పెన్సిల్‌తో రాయండి. రెండు నెలలు వరుసగా బరువు మారకపోతే ఎండినట్టు. చేయి మందం ముక్కకు మన ఎండల్లో ఆరు నెలలు, లావు మొద్దుకు ఏడాది అనుకోండి. ఎర్రటెండలో పెడితే తొందరగ ఎండదా అంటే ఎండుతది, కానీ పైన ముందు ఎండి లోపల పచ్చిగుండి నిలువునా పగులుతది.

ఎండినంక బెరడు మొత్తం తీయాలె. తెల్ల భాగం ఎంత తీయగలిగితే అంత తీయాలె. బొక్కల్లో మట్టి, చీమలు, తేళ్లు ఉంటయి, చేయి పెట్టే ముందు నేలకేసి తట్టండి. గట్టి ప్లాస్టిక్ బ్రష్‌తో నీళ్ల ధార కింద రుద్దండి. ఇనుప బ్రష్ తీగలు విరిగి కర్రలో దిగబడి తర్వాత తుప్పు పడతయి. ముళ్ల తీరు మొనలు ఉంటే 80 నంబరు గరుకు కాయితంతో నున్నగ చేయండి. బెట్టా రెక్కలు, కళ్లు బయటికున్న గోల్డ్‌ఫిష్‌లు వీటికే చీరుకుంటయి. చేప సగం దూరి ఇరుక్కునే బొక్క ఉంటే దాన్ని వెడల్పన్నా చేయాలె, మూసన్నా వేయాలె. రాత్రి పూట క్యాట్‌ఫిష్‌లు ఇట్లనే చస్తయి, పొద్దున చేప లేదని వెతుక్కుంటరు.

సర్ఫ్, విమ్, ఫినాయిల్ ఏదీ వద్దు, కర్ర పీల్చుకొని నెమ్మదిగా వదులుతది. బ్లీచింగ్ కూడా అంతే. పాత ట్యాంకులో రోగం వచ్చిన కర్రకు తప్ప దాని అవసరం లేదు, దానికైనా ఎండబెట్టుడే సులువు. ఉప్పు నీళ్లల్లో నానబెడితే తొందరగ మునుగుతదని కొందరంటరు. ఆ ఉప్పంతా తర్వాత మీ ట్యాంకులోకే వస్తది.

ఉడకబెట్టుడు మంచి పద్ధతి. వంట గిన్నెల్లో వద్దు. పాత కాగు ఒకటి దీనికే పెట్టుకోండి, బయట కట్టెల పొయ్యి మీద పెట్టండి. కర్ర పూర్తిగా మునగాలె, పైన రాయి పెట్టండి. చిన్న ముక్కకు గంట, చేయి మందానికి రెండు గంటలు. నీళ్లు డికాషన్ రంగుకు తిరుగుతయి, పారబోసి మళ్లీ కొత్త నీళ్లు. ఇట్ల రెండు మూడు దఫాలు. ఎన్ని దఫాలైనా రంగు పూర్తిగా పోదు, పోయేదాకా ఉడికిస్తనని పంతం పట్టొద్దు. గంటల తరబడి ఉడికితే నారను పట్టి ఉంచే లిగ్నిన్ సడలి గట్టి కర్ర కూడా మెత్తబడుతది. ప్రెషర్ కుక్కర్‌లో పెట్టేటోళ్లు ఉన్నరు, దండం పెట్టి చెప్త, ఆవిరి గొట్టంలో నార ఇరుక్కుంటే పేలుతది.

ఇక్కడ ఒక కిటుకు. మంట ఆర్పినంక కర్రను బయటికి తీయొద్దు, అదే నీళ్లల్ల మునిగే ఉండి తెల్లారేదాకా చల్లారనీయండి. వేడికి కర్ర లోపలి గాలి వ్యాకోచించి బుడగలుగా బయటికి పోతది. చల్లారేటప్పుడు ఆ ఖాళీలోకి నీళ్లు లాక్కుంటది. వేడి మీద తీసి గట్టు మీద పెడితే మళ్లీ గాలినే లాక్కుంటది, పొద్దుటి కట్టెల ఖర్చంతా వృథా. కర్ర పదార్థం అసలు నీటి కంటె బరువైనదే, దాని సాంద్రత నీటికి ఒకటిన్నర రెట్లు. తేలేది లోపలి గాలి వల్ల. అందుకే ఏ కర్రైనా గాలి పోతే ఏదో ఒకనాడు మునుగుతది.

కాగులో పట్టని మొద్దైతే ప్లాస్టిక్ డ్రమ్ములో వేసి మరిగే నీళ్లు పోసి నానబెట్టండి. మొదటి వారం రోజూ నీళ్లు మార్చాలె, తర్వాత వారానికి రెండుసార్లు. నెల మామూలే, పెద్దదానికి రెండు మూడు నెలలు. డ్రమ్ము మీద పాత పంచె కట్టండి, దోమలు గుడ్లు పెట్టకుండా.

మునిగేదాకా ఆగలేనోళ్లకు రాయి కట్టుడే దారి. రాయికి మనకు కరువా! గ్రానైట్ నీళ్లల్ల ఏమీ వదలదు. తాండూరు, షాబాద్ బండలు సున్నపురాళ్లు. ఒక చుక్క వెనిగర్ వేయండి, గీకిన చోట నురుగొస్తే సున్నపురాయి. మన బోరు నీళ్లల్ల దాంతో పెద్ద తేడా రాదు గానీ ఆర్ఓ కలిపిన ట్యాంకులో కేహెచ్ మెల్లగ పెంచుతది.

ఎంత రాయి కావాలెనో లెక్క చేసుకోండి. బకెట్ నిండా అంచు దాకా నీళ్లు పోసి టబ్బులో పెట్టండి. కర్రను పుల్లతో పూర్తిగా లోపలికి ముంచితే పొర్లిన నీళ్లే కర్ర ఘనపరిమాణం. రెండు లీటర్లు పొర్లింది, కర్ర బరువు కిలో ఆరు వందల గ్రాములు అనుకోండి. అంటే నాలుగు వందల గ్రాముల లాగుడు కావాలె. ఆరంగుళాల చదరం, 18 మిల్లీమీటర్ల మందమున్న గ్రానైట్ ముక్క బయట కిలో వంద గ్రాముల దాకా తూగుతది, నీళ్లల్ల మునిగినంక ఏడు వందలు. సరిపోయింది. పాలిష్ దుకాణాల్లో, ఇల్లు కట్టే చోట ఇట్లాంటి ముక్కలు మిగిలిపోతయి, అడిగితే ఇస్తరు.

రాయికి తూటు వేయడానికి ఆరు మిల్లీమీటర్ల డైమండ్ బిట్ కావాలె. డ్రిల్ మిషన్‌లో సుత్తి మోడ్ బంద్ చేయండి, లేకపోతే రాయి రెండు ముక్కలు. తక్కువ వేగం, ఒకరు పక్కన నిలబడి సీసాతో నీళ్లు పోస్తనే ఉండాలె. మిషన్ కరెంటుది, నీళ్లు మోటారు మీద పడకుండా చూసుకోండి. కర్రకు ముందే మూడు మిల్లీమీటర్ల సన్న తూటు వేయాలె, చేవలో నేరుగా స్క్రూ బిగిస్తే తల తెగిపోతది. రెండంగుళాల స్టెయిన్‌లెస్ స్క్రూ, దానికి స్టెయిన్‌లెస్ వాషర్. 304 రకం చాలు. జింక్ పూత స్క్రూలు, రాగి తీగ వద్దు. రాగి రొయ్యలకు, నత్తలకు విషం. స్క్రూ తల అద్దాన్ని గీకకుండా రాయి కింద నాలుగు మూలలా సిలికాన్ బొట్లు పెట్టి ఒక రోజు ఆరనీయండి. ఆ పైన రెండంగుళాల మందాన గులకరాళ్లు పోస్తే రాయి కనబడదు.

అద్దం సంగతి ఒక్కటి గట్టిగా చెప్త. కర్రను రెండు అద్దాల మధ్య బిగించి పెట్టొద్దు. తేలకుండా ఉంటదని అట్ల ఇరికిస్తరు. ఎండిన కర్ర నీళ్లు పీల్చి ఉబ్బుతది, ఉబ్బితే అద్దం ఓడిపోతది, కర్ర ఓడిపోదు. అర్ధరాత్రి ఇల్లంతా నీళ్లు. రెండు వైపులా కనీసం అంగుళం వదలండి. ఆ సందుంటే అద్దం తుడవడానికి కూడా చేయి పడుతది.

మొక్కలు కట్టాలంటే నూలు దారం వాడండి, అది కరిగిపోయేలోపు వేర్లు పట్టుకుంటయి. ఫెవిక్విక్ లాంటి సయనోఅక్రిలేట్ జిగురు కూడా నీళ్లల్ల గట్టిపడి ఊరుకుంటది, ప్రమాదం లేదు. అనూబియస్ అడ్డ కాండాన్ని రాళ్లల్లో పూడ్చొద్దు, కుళ్లుతది.

(ప్రశ్న: కర్ర పెట్టిన నాలుగు రోజులకే తెల్లగ బూజు పట్టింది. విషమా అన్నా?)

విషం కాదు తమ్మీ. కర్రలోంచి దిగే చక్కెరలను తినడానికి వచ్చిన బ్యాక్టీరియా, శిలీంధ్రాల పొర అది. చూడ్డానికి చీమిడి తీరుగుంటది గానీ రొయ్యలకు, నత్తలకు పండగ. నీళ్లు మార్చేటప్పుడు పైపుతో పీల్చేయండి, మరీ ఎక్కువైతే కర్ర తీసి బ్రష్ కొట్టండి. రెండు మూడు వారాల్లో ఆ చక్కెర అయిపోతది, బూజు కూడా పోతది. రెండు నెలలైనా వస్తనే ఉన్నదంటే, నొక్కితే వేలు దిగుతున్నదంటే కర్ర కుళ్లుతున్నది. తీసేయండి, బాగుచేయడానికి ఏమీ లేదు. లేపినప్పుడు అడుగున నల్లగుండి కుళ్లిన గుడ్డు వాసన వస్తే రాళ్లల్లో పూడిన భాగానికి గాలి ఆడక హైడ్రోజన్ సల్ఫైడ్ తయారైందన్నట్టు. ఆ ముక్కను ట్యాంకులోనే కెలకొద్దు, నేరుగా బయటికి ఎత్తి సగం నీళ్లు మార్చండి.

బూజు చంపదు, నిజం. కానీ ఆ బ్యాక్టీరియా ఆక్సిజన్ తింటది. ఇది మన ఎండాకాలానికి సంబంధించిన సమస్య. 25 డిగ్రీల నీళ్లల్ల లీటరుకు 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ పడుతది. 30 డిగ్రీలకు ఏడున్నర, 35కు ఏడు లోపే. మే నెలలో రేకుల ఇంట్లో ట్యాంకు నీళ్లు 33, 34 అయితయి. అప్పుడే కొత్త కర్ర పెట్టిండ్రు, నీళ్లు పాల తీరు మసకబారినయి, రాత్రి కరెంటు పోయింది. పొద్దుటికి చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటయి. అందరూ కర్ర విషం అనుకుంటరు, విషం కాదు, ఊపిరాడలేదు. అందుకే కొత్త కర్ర పెట్టే పని ఏప్రిల్, మే నెలల్లో వద్దు, పెట్టినా బ్యాటరీ మీద నడిచే ఎయిర్ పంపు సిద్ధంగుంచండి. నీళ్లు మసకబారితే తిండి రెండు రోజులు ఆపి, రోజూ నాలుగో వంతు నీళ్లు మార్చండి.

(ప్రశ్న: నీళ్ల రంగు పోవుడెట్ల?)

పోకపోతే నష్టమేంది? చేపకు ఆ రంగుతో ఇబ్బంది లేదు. వెలుతురు కొంత తగ్గుతది, అడుగున పెరిగే మొక్కలు నెమ్మదిస్తయి, పాచి కూడా నెమ్మదిస్తది. మీ కంటికి నచ్చకపోతే వారానికి మూడో వంతు నీళ్లు మార్చండి, రెండడుగుల ట్యాంకుకు వంద గ్రాముల యాక్టివేటెడ్ కార్బన్ సంచి ఫిల్టర్‌లో పెట్టండి. మూడు నాలుగు వారాలకు అది నిండిపోతది, మార్చాలె. రంగే కావాలె, కర్ర వద్దు అనేటోళ్లకు ఎండిన బాదం ఆకు ఉన్నది. పెరటి బాదం చెట్టుది, కింద రాలినది, నలభై లీటర్లకు ఒకటి రెండు చాలు.

(ప్రశ్న: సకర్ ఫిష్‌కు కర్ర తప్పనిసరా?)

బ్రిసిల్‌నోజ్ లాంటి చిన్న సకర్లు కర్రను గీక్కుంటయి, ఉంటే మంచిది. దుకాణంలో రెండంగుళాలున్నప్పుడు అమ్మే మామూలు సకర్ మాత్రం అడుగు దాటి పెరుగుతది. రెండడుగుల ట్యాంకులో కర్ర పెట్టినా దానికి చోటు లేదు. పెద్దగైనంక చెరువుల వదిలేస్తున్నరు, ఆ పని చేయకండి. మన చెరువు చేపల గుడ్లకు అది చేటు, తిండికి పోటీ, బెస్తోళ్ల వలలు కూడా దాని ముళ్లకు చినుగుతయి. అమ్మినాయనకే తిరిగి ఇవ్వండి.

(ప్రశ్న: చేపలకు తెల్ల చుక్కల రోగం వస్తే కర్ర తీసేయాల్నా?)

ఏ మందు వేస్తున్నరో దాన్ని బట్టి. వేడి పెంచుడు ఒక్కటే అయితే ఉండనీయండి. మిథిలీన్ బ్లూ వేస్తే కర్రకు నీలి మరక పట్టి పోదు, రాగి మందు వేస్తే కర్ర కొంత పీల్చుకుంటది. ఆ ముక్కను తర్వాత రొయ్యల ట్యాంకులో పెట్టొద్దు. చేపలను వేరే టబ్బులోకి మార్చి మందు వేసుడు నయం. ట్యాంకులోనే వేయాలంటే కర్రను ముందే తీసి ఎండలో పెట్టండి. ఆ పరాన్నజీవి ఎండితే బతకదు, వారం రోజులు బాగా ఎండనిస్తే చాలు. మళ్లీ పెట్టేటప్పుడు తేలుతది, మళ్లీ రాయి కట్టాల్సిందే.

మందు మోతాదు లెక్కలో చాలామంది తప్పుతరు. 24, 12, 12 అంగుళాల ట్యాంకు అంటే 56 లీటర్లు అని మందు పోస్తరు. అడుగున రెండంగుళాల రాళ్లు, పైన అంగుళం ఖాళీ తీసేస్తే నీళ్లున్నది 42 లీటర్లే. బకెట్‌లో కొలిచిన మూడు లీటర్ల కర్ర లోపలుంటే 39. రాళ్ల సందుల్లో ఉండే కాసిన్ని నీళ్లు కలుపుకున్నా 45 దాటదు. మీరు మందు దానికే వేయాలె.